ఒంటి మీద మాట వద్దు, ఒంటికి ఆట ఇద్దాం



మన పెళ్ళిపందిట్లో పలకరింపులు ఎలా మొదలవుతాయో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఐదేళ్ళ తర్వాత కనబడిన మేనకోడల్ని చూసి మేనత్త అడిగే మొదటి మాట "బాగున్నావా" కాదు. "ఏంటే, ఇంత లావెక్కావ్?" పక్కనే నిలబడ్డ కుర్రాడికి "ఏరా, హాస్టల్లో తిండి పెట్టట్లేదా, ఇలా బక్కచిక్కిపోయావ్?" కాన్పయి నాలుగు నెలలు తిరగని బాలింతకు "పొట్ట ఇంకా తగ్గలేదే!" యాభై దాటినాయన కాస్త చిక్కితే చెవి దగ్గరకొచ్చి "షుగరా?" లావైతే ఒక మాట, సన్నబడితే ఒక మాట, నలుపైతే ఒక మాట, పొట్టయితే ఒక మాట. అడిగేవాళ్ళకు పాపం దురుద్దేశం ఉండదు. ప్రేమ కొద్దీ అన్నామంటారు, చనువంటారు. విన్నవాళ్ళు కూడా నవ్వేసి ఊరుకుంటారు.

నవ్వేసిన ఆ మేనకోడలు ఆ పూట బంతిలో బూరె ముట్టదు. గ్రూప్ ఫొటోలో పిన్ని భుజం చాటున సగమే కనబడేలా నిలబడుతుంది. ఇంటికెళ్ళాక నాలుగు రోజులు అన్నం మానేస్తుంది, అయిదో రోజు ఆకలికి తట్టుకోలేక రెట్టింపు తింటుంది, తిన్నందుకు తనను తానే తిట్టుకుంటుంది. జిమ్‌లో చేరదామనుకుంటుంది గానీ అక్కడ నాలుగు వైపులా అద్దాలు. పార్కులో నడుద్దామనుకుంటుంది గానీ అక్కడ బెంచీల మీద కూర్చున్న కళ్ళు. ఆమె ఆరోగ్యం కోసమే అన్నామనుకున్న మాట ఆరోగ్యం వైపున్న ప్రతి గుమ్మం దగ్గరా ఆమెను ఆపేసింది.

ఇది నా ఊహ కాదు. 2020లో పలు దేశాల వైద్య నిపుణులు కలిసి 'నేచర్ మెడిసిన్' పత్రికలో ఒక ఉమ్మడి ప్రకటన చేశారు. లావుగా ఉన్నవాళ్ళను చిన్నచూపు చూడటం, సోమరితనం వల్లే లావయ్యారని నిందించడం వాళ్ళ ఒంటికీ మనసుకూ హాని చేస్తుందనీ, అవసరమైన వైద్యాన్ని కూడా దూరం చేస్తుందనీ అందులో తేల్చి చెప్పారు. మనిషి బరువును నిర్ణయించేది నోటి అదుపు ఒక్కటే కాదు. పుట్టుకతో వచ్చిన లక్షణాలు, హార్మోన్లు, వాడే మందులు, నిద్ర, ఒత్తిడి, జేబులో డబ్బు, వీధిలో దొరికే తిండి అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. మనం మాత్రం తప్పంతా ఆ ఒక్క మనిషి నెత్తిన రుద్ది, తీర్పు చెప్పి, చేయి కడుక్కుని బంతిలో కూర్చుంటాం.

అందుకే ఇవాళ మీ ముందు రెండే రెండు పనులు పెడుతున్నాను. ఒకటి, ఎదుటివాళ్ళ ఒంటి మీద మాట మానుకుందాం. రెండు, ప్రతి ఒంటికీ హాయిగా కదిలే చోటూ, సమయమూ, తోడూ సమకూర్చుదాం. మొదటిది మన నోటి పని, రెండోది మన ఊరి పని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఈ రెండూ ఎవరికి వారు గది తలుపులు వేసుకుని చేసుకోగలిగినవి కావు, అందరం కలిసి చేయాల్సినవి.

"అంటే ఎంత లావెక్కినా ఫరవాలేదా? షుగర్ వచ్చినా చూస్తూ ఊరుకోవాలా?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. అడగాల్సిన ప్రశ్నే. ఒంటిని ఒప్పుకోవడమంటే దాన్ని గాలికొదిలేయడం కాదు. నాకున్నది ఇదొక్కటే, దీని మంచీచెడూ నేనే చూసుకోవాలి అనుకోవడం. వేళకు పరీక్షలు చేయించుకోవడం, డాక్టరు రాసిన మందు వేసుకోవడం, కంటి నిండా నిద్రపోవడం, రోజూ కాస్త కదలడం, ఇవన్నీ అందులో భాగమే. పగబట్టిన ఒంటిని ఎవరూ శ్రద్ధగా చూసుకోరు. అసహ్యంతో మొదలుపెట్టిన వ్యాయామం అసహ్యం తీరగానో, ఓపిక తీరగానో ఆగిపోతుంది. ఇష్టంతో మొదలుపెట్టింది ముసలితనం దాకా తోడొస్తుంది.

పైగా చూపుతో ఆరోగ్యాన్ని తూచే మన పెద్దరికం వైద్యం ముందు నిలబడదు. 2004లో 'లాన్సెట్' పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో అచ్చయింది. ఒకరు పుణె డాక్టర్ యాజ్ఞిక్, మరొకరు లండన్ డాక్టర్ యుడ్కిన్. ఎత్తూ బరువూ కలిపి లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా 22.3. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన దేశపు ఒళ్ళు చాలావాటిలో కొవ్వు బయటికి కనిపించకుండా పొట్ట లోపల, అవయవాల చుట్టూ దాక్కుంటుందని చెప్పే ఫొటో అది. ఆ బీఎంఐ లెక్క కూడా 19వ శతాబ్దంలో బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే జనం సగటు తీయడానికి కట్టింది, ఒక్కో మనిషి జబ్బు పట్టుకోవడానికి కాదు. 2025లో లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం కూడా ఆ ఒక్క అంకె చూసి మనిషిని రోగి అనకూడదని చెప్పింది.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. "నీకేంట్రా, పుల్లలా ఉన్నావ్" అని మనం భుజం తట్టిన బాబాయి పరీక్షలకు వెళ్ళడు, లోపల షుగర్ పెరుగుతూనే ఉంటుంది. "ఒళ్ళు తగ్గించు" అని మనం పొడిచిన పిన్ని సిగ్గుతో డాక్టరు దగ్గరికే వెళ్ళదు, మోకాలి నొప్పి ముదురుతూనే ఉంటుంది. మన నోరు ఇద్దరికీ అపకారమే చేసింది.

ఇప్పుడు కదలిక సంగతి చూద్దాం. లండన్ రెండంతస్తుల బస్సుల్లో కండక్టర్లు ఉండే రోజుల్లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడికి ఒక ఆలోచన వచ్చింది. బస్సు ఒకటే. డ్రైవరు రోజంతా సీట్లో కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ మెట్లెక్కుతాడు, దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. వాళ్ళ గుండెలు ఎలా ఉన్నాయో చూద్దామనుకున్నాడు. 1953లో వచ్చిన ఫలితం వైద్య ప్రపంచాన్ని కుదిపింది. కండక్టర్లకు గుండెజబ్బులు డ్రైవర్ల కంటే బాగా తక్కువ. డ్రైవర్లు లావుగా ఉండటమే కారణమేమోనని తర్వాత వాళ్ళ యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు కూడా తీయించారు. డ్రైవర్ల నడుములు పెద్దవే, అది నిజం. అయినా సన్నటి కండక్టరును సన్నటి డ్రైవరుతో, లావాటి కండక్టరును లావాటి డ్రైవరుతో పోల్చి చూసినా మెట్లెక్కినవాడి గుండే మేలుగా ఉంది. ప్యాంటు సైజు ఏదైనా కదిలే ఒంటికి కదలిక మేలు చేస్తుంది. ఈ ఒక్క ముక్క మన ఇళ్ళల్లో గోడ మీద రాసి పెట్టుకోదగ్గది.

మనవాళ్ళు నడక ఎందుకు మానేస్తారో గమనించారా? నెల రోజులు పార్కు చుట్టూ తిరిగి, బరువు తూచుకుని, ముల్లు కదలలేదని మానేస్తారు. ఒట్టి వ్యాయామంతో తగ్గే బరువు కొద్దే. ముల్లుకు కనబడని లాభాలు మాత్రం బోలెడు. నడుస్తున్నప్పుడు కాలి కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుని వాడుకుంటాయి. బీపీ దిగుతుంది. ఎముకలు గట్టిపడతాయి. రాత్రి నిద్ర పడుతుంది. మనసులో గూడు కట్టిన దిగులు కాస్త పలచబడుతుంది. బరువొక్కటే కొలబద్ద అనుకున్నవాడు వీటన్నిటినీ పారేసుకుని ఇంట్లో కూర్చుంటాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల సంగతేమో గానీ కూర్చుంటే కండలు మాత్రం తప్పకుండా కరుగుతాయి.

ఎంత కదలాలి అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు. మాట్లాడగలిగేంత ఆయాసంతో చేసే నడకో, సైకిలో, ఆటో, డాన్సో ఏదైనా సరే. వారానికి రెండు రోజులైనా కండరాలకు కాస్త బరువైన పని. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు. అంత కుదరకపోతే? కొంచెమైనా మేలేనని అదే సంస్థ చెప్పింది. ఫోన్లో పదివేల అడుగులు పూర్తికాలేదని రాత్రి పదకొండింటికి హాల్లో అటూ ఇటూ తిరిగేవాళ్ళకు ఒక మాట: ఆ పదివేలు వైద్యులు తేల్చిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముతూ దానికి తగిలించిన పేరు. అంకెకు దాస్యం చేయకండి. హాయిగా నిద్రపోండి, రేపు మళ్ళీ నడవండి.

అసలు వ్యాయామం అనగానే మనకు శిక్ష ఎందుకు గుర్తొస్తుంది? ఎందుకు రాదు! బడిలో గుంజీలు తీయించింది హోంవర్కు చేయనందుకు. గ్రౌండు చుట్టూ పరిగెత్తించింది ఆలస్యంగా వచ్చినందుకు. గోడకుర్చీ వేయించింది పక్కవాడితో మాట్లాడినందుకు. ఒంటిని కదిలించడమంటే దండన అని పదేళ్ళు నేర్పి, నలభయ్యో ఏట డాక్టరు చీటీ మీద "రోజూ వ్యాయామం" అని రాస్తే ఎవరికి మనసొప్పుతుంది? ఈ ముడి విప్పాలి. కదలికను శిక్షల జాబితాలోంచి తీసి సంతోషాల జాబితాలోకి మార్చాలి.

అందుకు ఎక్కడికో పోనక్కర్లేదు. బతుకమ్మ ఆడే చోటికి వెళ్ళి చూడండి. నడుమ తంగేడూ గునుగూ పేర్చిన బతుకమ్మలు. చుట్టూ ఆడవాళ్ళ వలయం. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట, పక్కకు ఒక అడుగు. డెబ్బై ఏళ్ళ అవ్వ ఉంటుంది, ఏడేళ్ళ మనుమరాలుంటుంది, పెద్ద ఒళ్ళున్న వదిన ఉంటుంది, సన్నటి కొత్తకోడలుంటుంది. ఎవరి నడుం ఎంత వంగితే అంతే. పాట తప్పితే పక్కామె అందిస్తుంది, అడుగు తప్పితే నవ్వుతుంది, ఎవరి చుట్టుకొలతా ఎవరూ అడగరు. అలా తొమ్మిది రోజులు, ఒక్కో సాయంత్రం గంటల తరబడి. ఏ జిమ్ ట్రైనరూ గంటసేపు అన్నిసార్లు వంచలేడు, వంచినా అంత నవ్వించలేడు.

కోలాటం చూడండి. చెక్కభజన చూడండి. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు చూడండి. అరకులో ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి ఆడే థింసా చూడండి, ఆ వరసలో ఒక్కరు తగ్గినా ఆట కుంటుపడుతుంది. మన పూర్వులు వీటిని వ్యాయామమని పిలవలేదు గానీ ఊపిరితిత్తులకూ, మోకాళ్ళకూ, మనసుకూ ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఇప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పూట సెల్లార్‌లోకి దిగితే మళ్ళీ కోలాటం కర్రల చప్పుడు వినిపిస్తోంది. కార్ల మధ్య ఖాళీలో, చీర కొంగు బొడ్డులో దోపుకుని, కాళ్ళకు స్పోర్ట్స్ షూ వేసుకుని, బ్యాంకు నుంచి వచ్చినామె, టైలరింగ్ చేసే ఆమె, మనవడిని ట్యూషన్‌కు దింపి వచ్చిన అమ్మమ్మ ఒకే తాళానికి అడుగేస్తుంటారు. మోకాలు నొప్పున్నామె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కర్రలతో తాళం వేస్తుంది. ఆమెకూ అది వ్యాయామమే, ఆమెదీ ఆ వలయంలో చోటే.

ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. తెల్లవారుజామున ఆటో ఎక్కి మిరప కోతకు పోయే తల్లికి, రోజంతా నడుం వంచి నాట్లు వేసే చెల్లెలికి, ఇటుకలు మోసే తమ్ముడికి "కాస్త ఒళ్ళు వంచండి" అని మనం చెప్పబోతే అంతకంటే అన్యాయం లేదు. వాళ్ళ ఒళ్ళు వంగినంత మనలో ఎవరి ఒళ్ళూ వంగలేదు. వాళ్ళ ఒంటికి కావలసింది విశ్రాంతి, కడుపునిండా మంచి తిండి, నొప్పి వస్తే చూసే డాక్టరు, కూలి కాని ఆట. వాళ్ళ పిల్లలు సాయంత్రం ఆడుకోవడానికి ఒక స్థలం. ఒంటిని చూసుకోవడం డబ్బున్నవాళ్ళ సరదాగా మారిపోతే అది మన ఉద్యమం కాదు.

ఇక ఎవరి బాధ్యత ఏమిటో పేరు పేరునా చెప్పుకుందాం.

ముందుగా ఇంట్లో మగవాళ్ళు. 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో సుమారు సగం మందికి చాలినంత కదలిక లేదు. ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం. ఈ తేడా ఎక్కడిది? ఆడవాళ్ళకు బద్ధకమని కాదు. పొద్దున ఆరింటికి ఆయన పార్కులో ఉంటే ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. ఆయన నడిచొచ్చేసరికి ఇడ్లీ ఉడికి ఉండాలి, పిల్లల క్యారేజీ కట్టి ఉండాలి. సాయంత్రం ఆమెకు తీరిక దొరికేసరికి వీధిలో చీకటి. కాబట్టి అన్నయ్యలూ, ఆమెకు స్మార్ట్ వాచీ కొనిపెట్టకండి, ఒక గంట ఇవ్వండి. వారానికి మూడు రోజులు పొద్దుటి వంట మీరు చేయండి. ఆమె ట్రాక్ ప్యాంటు వేసుకుని గడప దాటినప్పుడు "ఈ వయసులో ఇదేంటి" అని ఎవరైనా అంటే మీరు జవాబు చెప్పండి.

తర్వాత బడులు. విద్యాహక్కు చట్టం 2009లోనే బడికి ఆటస్థలం ఉండాలని రాసింది. మన పిల్లల్లో ఎందరు ఆటస్థలం తొక్కుతున్నారు? టైమ్ టేబుల్లో ఆటల పీరియడ్ ఉంటుంది, పరీక్షలు దగ్గర పడగానే లెక్కల సారు వచ్చి తీసుకుంటాడు. ఇంటర్‌లోకి వచ్చేసరికి ఆ పీరియడ్ కూడా మాయం. నాలుగంతస్తుల బిల్డింగు, గదులే గదులు, తెల్లవారింది మొదలు రాత్రి దాకా స్టడీ అవర్లు. రెండేళ్ళలో పిల్ల బరువు పెరిగి ఇంటికొస్తే మళ్ళీ మనమే "ఎంత లావెక్కిందో" అంటాం! కూర్చోబెట్టింది మనం, మాట పడేది ఆమె. తల్లిదండ్రులారా, కాలేజీలో చేర్చేటప్పుడు ర్యాంకులతో పాటు గ్రౌండు ఎక్కడని అడగండి. పదిమంది అడిగితే నవ్వుతారు, వందమంది అడిగితే చూపిస్తారు. పీఈటీ మాస్టార్లకూ ఒక మనవి. పరుగులో ఆఖర్న వచ్చే బొద్దు పిల్లాడిని, ఎప్పుడూ జట్టులోకి చివరగా పిలవబడే పిల్లను మీరు ముందు పిలవండి. గెలిచేవాళ్ళు ఎలాగూ ఆడతారు. గెలవనివాళ్ళకు ఆట మీద ప్రేమ పుట్టించగలిగితే మీరు ఒక జీవితాన్ని నిలబెట్టినట్టే.

కాలనీ సంఘాలు, వార్డు ప్రతినిధులు, పురపాలక అధికారులు వినండి. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దుటిపూట కాసేపు వాహనాలు ఆపి జనాన్ని నడవనిస్తారు. 2021లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు కార్లను ఆపితే పిల్లాపాపలతో ఊరంతా దిగింది. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ దారి వచ్చింది. కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు పెద్ద రోడ్లను నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదిలేస్తున్నారు. అంటే కుదరని పనేం కాదు. మరి మన వీధి సంగతి? ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన మూత లేని మ్యాన్‌హోల్, ఆ పక్కన పార్క్ చేసిన బైకులు. పార్కు గేటుకు పదింటికల్లా తాళం, మధ్యాహ్నం తీరికున్న గృహిణికి ప్రవేశం లేదు. వారానికి ఒక్క పూట ఒక్క వీధి ఆపండి. నాలుగు దీపాలు వెలిగించండి. పార్కులో ఒక మరుగుదొడ్డి శుభ్రంగా ఉంచండి. వీల్‌చెయిర్ పట్టే గేటు పెట్టండి. ఇంత చేస్తే జనం తామే వస్తారు.

డాక్టర్లకూ జిమ్ ట్రైనర్లకూ ఒక విన్నపం. చెవి నొప్పితో వచ్చిన మనిషికి ముందు చెవి చూడండి, బరువు ఉపన్యాసం తర్వాత ఇద్దురు గాని. చేరిన మొదటి రోజే అద్దం ముందు నిలబెట్టి "ఇక్కడ తగ్గాలి, అక్కడ తగ్గాలి" అని చూపుడు వేలు పెట్టకండి. "మీకు ఏది ఇష్టం? చిన్నప్పుడు ఏ ఆట ఆడేవారు?" అని అడగండి. ఖోఖో అనో, తొక్కుడుబిళ్ళ అనో చెప్పేటప్పుడు ఆ ముఖంలో వచ్చే వెలుగు దగ్గరే వ్యాయామం మొదలుపెట్టండి.

సినిమావాళ్ళకూ, సినిమా చూసే మనకూ కలిపి ఒక మాట. హాస్యమంటే లావాటివాణ్ణి కుర్చీ విరగ్గొట్టి పడేయడమేనా? మన తెరకు ఇష్టమైన కథానాయిక ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో 31 ఏళ్ళకే కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీయించే ఆపరేషన్ చేయించుకున్నారు. మరణానికి కారణం ఏదైనా కానీ, ఒక అమ్మాయి కత్తి కిందికి వెళ్ళేదాకా ఆమె నడుం గురించి వార్తలు రాసినవాళ్ళం, చదివినవాళ్ళం మనమే. అదే ఏడాది 'సైజ్ జీరో' సినిమా కోసం అనుష్క కావాలని బరువు పెరిగి నటిస్తే ఆ ధైర్యాన్ని మెచ్చుకున్నామో లేదో, మర్నాటి నుంచి మళ్ళీ ఎప్పుడు తగ్గుతుందని లెక్కలు మొదలుపెట్టాం. 1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము కూడా 2020లో పేరు మార్చుకుంది. ట్యూబు మీద పేరు మారింది, మన పెళ్ళి ప్రకటనల్లో "తెల్లగా, సన్నగా" మాత్రం మారలేదు. కోడలు నలుపైతే కులమంతా నలుపనే సామెతను ఇంకా ఎన్ని తరాలు మోస్తాం?

ఇక మన గడ్డ మీది ఇద్దరి గురించి చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. 1994, 95లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్ళింది 69 కిలోల విభాగంలో. ఆడపిల్ల బరువు పెరిగితే ఊరంతా నొచ్చుకునే చోట ఆ బరువే ఆమె బలమైంది. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆ తొడలు, ఆ భుజాలు, ఆ నడుం ఏ పెళ్ళిచూపుల కొలతకూ సరిపోవు. అవి దేశానికి సరిపోయాయి.

రెండో అమ్మాయి వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి. మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. చిన్నప్పుడు ముఖం చూసి ఊళ్ళో వెక్కిరించారని, ఇంటికొచ్చి ఏడ్చేదని కన్నవాళ్ళు చెప్పారు. ఆ అమ్మాయి పరుగు నేర్చుకుంది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది.

మనం ఇద్దరికీ పూలదండలు వేశాం. సంతోషం. కానీ ఆగి మనల్ని మనం అడుగుదాం. పతకం రాకపోయి ఉంటే? వెక్కిరింపులు పడిన ప్రతి పిల్లా ప్రపంచ రికార్డు పెట్టి మన నోరు మూయించాలా? ఒలింపిక్స్‌కు వెళ్ళని పెద్ద ఒళ్ళున్న పిల్లకు, పరిగెత్తలేని పిల్లవాడికి, ఎండలో నల్లబడిన రైతుకు, కుట్లు పడిన పొట్టతో బిడ్డనెత్తుకున్న తల్లికి గౌరవం ఎవరిస్తారు? గౌరవం గెలుచుకోవాల్సిన బహుమతి కాదు, పుట్టిన ప్రతి ఒంటికీ మనం బాకీ ఉన్నది. ఆ బాకీ తీర్చడమే ఈ సందేశం సారం.

పరాయి దేశాల్లో ఉన్న మన తెలుగువాళ్ళూ ఇందులో భాగమే. మంచు దేశంలో డెస్కు ముందు కూర్చుని వీకెండ్ కోసం చూసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ తెలుగు సంఘాలు ఏడాదికోసారి బతుకమ్మకూ సంక్రాంతికీ హాలు అద్దెకు తీసుకుంటాయి కదా. ఆ కోలాటాన్ని నెలకు రెండుసార్లు చేయండి. మీ పిల్లలకు తెలుగు పాట వస్తుంది, మీ మోకాళ్ళకు కదలిక వస్తుంది. సొంతూరికి వీడియో కాల్ చేసినప్పుడు అమ్మ "చిక్కిపోయావురా" అంటే "లేదమ్మా, నిన్న కబడ్డీ ఆడాను" అని చెప్పే రోజు రావాలి.

చేయాల్సింది కొండంత కాదు. ఈ వారం నుంచి ఒంటి మీద మాట నోటిదాకా వస్తే మింగేయండి. "లావయ్యావ్" బదులు "నిన్ను చూసి ఎన్నాళ్ళయింది, రా కూర్చో" అనండి. ఎదుట ఎవరైనా ఇంకొకరి ఒంటి మీద జోకు వేస్తే నవ్వకండి. నవ్వు ఆగితే జోకు ఆగుతుంది. పిల్లల ముందు మీ ఒంటిని కూడా మీరు తిట్టుకోకండి, వాళ్ళు అద్దం చూసుకోవడం మీ దగ్గరే నేర్చుకుంటారు. మీ వీధిలో ఎవరు ఒంటరిగా ఉన్నారో చూసి తలుపు తట్టి "నడకకు వస్తారా" అని అడగండి. బడి మీటింగులో ఆటల పీరియడ్ అడగండి. వార్డు ఆఫీసులో ఫుట్‌పాత్ అడగండి. అడిగి ఊరుకోకండి, అయ్యేదాకా అడగండి.

ఈ ఆదివారం సాయంత్రం ప్రతి కాలనీలో, ప్రతి రచ్చబండ దగ్గర, ప్రతి బడి గ్రౌండులో పదిమంది చేరాలి. కర్రలుంటే కోలాటం, బంతి ఉంటే బంతాట, ఏమీ లేకపోతే కబడ్డీ గీత. పొట్ట తగ్గాక వస్తానని ఆగకండి, మోకాలు బాగయ్యాక వస్తానని ఆగకండి, రంగు తేలాక వస్తానని అసలే ఆగకండి. లావుగా ఉన్నవాళ్ళు రండి, సన్నగా ఉన్నవాళ్ళు రండి, కర్ర పట్టుకుని నడిచేవాళ్ళు రండి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు రండి. ఎవరికి ఏ ఒళ్ళుంటే ఆ ఒంటితోనే, ఇవాళ్టి ఒంటితోనే రండి. పక్కవాళ్ళకు చోటిచ్చి, చేయి అందించి, ఆట మొదలుపెడదాం!